కొత్త షూలు వేశాక డ్రమ్ము బ్రేకును సరిగా సర్దడం ఎలా?

కారు వెనుక చక్రాలకు కొత్త బ్రేకు షూలు (చక్రంతో తిరిగే డ్రమ్ము లోపలి గోడను ఒత్తి బండిని ఆపే వంపు ముక్కలు) వేసిన మర్నాడే పెడల్ మునుపటికంటే కిందికి దిగుతోందని, హ్యాండ్ బ్రేకు మీటను పూర్తిగా పైకి లాగితే గాని బండి నిలవడం లేదని వాపోయేవారు తరచుగా కనిపిస్తారు. వారిలో చాలామంది షూల నాణ్యతను అనుమానిస్తారు; కొందరు డబ్బు పోసి వేరే కంపెనీ షూలు కొని మళ్ళీ వేయిస్తారు. ఎక్కువ సందర్భాలలో తప్పు షూలది కాదు. షూకూ డ్రమ్ముకూ మధ్య ఉండవలసిన సందును ఎవరూ సరిచూడకపోవడమే అసలు కారణం. ఆ సందును ఎలా సరిచేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తాను. ముందు చక్రాలకు డిస్కు, వెనుక చక్రాలకు డ్రమ్ము ఉన్న చిన్న కార్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. షూలు విప్పి బిగించడం మీకు వచ్చునని, లేదా వచ్చినవారు పక్కన ఉన్నారని అనుకుంటున్నాను. ఆ అనుభవం లేనివారు బ్రేకుల పని ఒంటరిగా మొదలుపెట్టకపోవడమే మంచిది.

వరుస గురించి ముందే చెబుతాను, ఎందుకంటే తప్పంతా అక్కడే జరుగుతుంది. డ్రమ్ము లోపలి సర్దుబాటు ముందు చేయాలి, హ్యాండ్ బ్రేకు కేబుల్ సర్దుబాటు చివర చేయాలి. పెడల్ కిందికి పోతోందనో, మీట ఎక్కువ లేస్తోందనో మొట్టమొదట కేబుల్ నట్టు బిగించేవారు లోపలి జబ్బును బయటి నుంచి కప్పిపెడుతున్నారన్న మాట. హ్యాండ్ బ్రేకు కేబుల్ చివర డ్రమ్ము లోపల ఒక చిన్న లివర్‌కు తగులుకుని ఉంటుంది. మీటను దించినప్పుడు ఆ లివర్ వెనక్కి వచ్చి, షూ మీద తనకు కేటాయించిన అంచుకు ఆనుకుని విశ్రాంతి తీసుకోవాలి. కేబుల్ బిగుతుగా ఉంటే అది అంచు దాకా రాకుండా మధ్యలోనే నిలిచిపోయి, రెండు షూలనూ కొంచెం తెరిచి ఉంచుతుంది. చక్రాన్ని తిప్పి చూస్తే సందు సరిపోయినట్టే కనిపిస్తుంది. అయితే షూలు అలా తెరిచి నిలబడింది కేబుల్ ఆసరాతోనే తప్ప, షూల మధ్య ఉండి వాటి ఎడాన్ని సర్దే అడ్జస్టర్ వల్ల కాదు. దానంతట అది సర్దుకునే అడ్జస్టర్ ఉన్న బండ్లలో ఆ అడ్జస్టర్ పని చేయడం కూడా మానేస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లో ఈ తప్పు చేసి, మూడు వారాలకే పెడల్ మళ్ళీ కిందికి పోవడంతో డ్రమ్ము విప్పి చూసుకుని సిగ్గుపడ్డాను.

అర మిల్లీమీటరు తేడాకు పెడల్ ఎంత దిగుతుంది?

సందు కాస్త ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకునేవారి కోసం చిన్న లెక్క వేద్దాం. చక్రం దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్ పిస్టన్ వ్యాసం 17.5 మి.మీ. అనుకుంటే, దాని వైశాల్యం దాదాపు 2.4 చదరపు సెంటీమీటర్లు. షూ కింది కొన ఆధారానికి ఆని ఉంటుంది, పై కొనను పిస్టన్ తోస్తుంది. కనుక షూ నడిమి భాగంలో అర మిల్లీమీటరు సందు అదనంగా ఉంటే, పై కొన దగ్గర పిస్టన్ దాదాపు ఒక మిల్లీమీటరు అదనంగా కదలాలి. రెండు చక్రాలకు కలిపి నాలుగు పిస్టన్లు కాబట్టి, అదనంగా కావలసిన బ్రేకు ఆయిల్ ఒక ఘన సెంటీమీటరుకు కొద్దిగా తక్కువ. పెడల్ నొక్కితే ఆయిల్ పంపే మాస్టర్ సిలిండర్ వ్యాసం 20.6 మి.మీ. అయితే అంత ఆయిల్ పంపడానికి దాని కడ్డీ సుమారు 2.9 మి.మీ. ముందుకు పోవాలి. పెడల్ మీట నిష్పత్తి నాలుగున్నర అయితే పాదం దగ్గర ఆ కదలిక 13 మి.మీ. అవుతుంది. అంటే కంటికి ఆనని అర మిల్లీమీటరు సందు పాదం కింద అర అంగుళంగా మారుతుంది. అత్యవసరంగా నొక్కినప్పుడు ఆ అర అంగుళం ప్రయాణించిన తరువాతే వెనుక బ్రేకులు పట్టడం మొదలవుతుంది.

సందు మరీ తక్కువైనా ప్రమాదమే. షూ ఎప్పుడూ రాసుకుంటూ ఉంటే డ్రమ్ము వేడెక్కుతుంది, వేడెక్కిన లైనింగు (షూ మీది రాపిడి పొర) పట్టు కోల్పోతుంది, మైలేజీ తగ్గుతుంది, చివరికి వీల్ బేరింగు గ్రీజు కూడా కరిగి కారుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని గీత మీద నిలబడడమే సర్దుబాటు.

పనికి ముందు

బండిని చదునైన గట్టి నేల మీద నిలపండి. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్ళో, చెక్క దిమ్మలో పెట్టండి, ఎందుకంటే ఈ పనికి హ్యాండ్ బ్రేకు దించే ఉండాలి, వెనుక చక్రాలే నడిపే బండి అయితే గేరు కూడా న్యూట్రల్‌లో ఉండాలి. చక్రం నట్లను నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ఆ తరువాత జాకీతో లేపి, తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలపండి. బండి అడుగున చేతులు పెట్టే పని కనుక జాకీని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. వీలైతే వెనుక రెండు చక్రాలనూ ఒకేసారి లేపండి. రెండు వైపులా ఒకే విధంగా సర్దామా లేదా అని పోల్చి చూసుకోవడానికి అదే సులువు. అయితే షూలు విప్పేటప్పుడు మాత్రం ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు విప్పాలి. స్ప్రింగు ఏ రంధ్రంలో తగిలించాలో అనుమానం వస్తే రెండో చక్రం మీకు నమూనాగా ఉంటుంది.

డ్రమ్ము లోపలి దుమ్మును నోటితో ఊదకండి, గాలి గొట్టంతో కొట్టకండి. లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తులకు తీరని హాని చేస్తుంది. మాస్కు పెట్టుకుని, బ్రేకు క్లీనర్‌తో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి. డ్రమ్ము బయట ఉన్నంతసేపూ బ్రేకు పెడల్‌ను ఎవరూ నొక్కకూడదని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి. నొక్కితే వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికి దూసుకువచ్చి, ఆయిల్ అంతా కొత్త షూల మీద పడుతుంది.

డ్రమ్ము మూయకముందు చూడవలసినవి

సర్దుబాటు సరిగా రాకపోవడానికి సగం కారణాలు డ్రమ్ము కింద దాగి ఉంటాయి. అందుకే ఈ దశలో తొందర పనికిరాదు.

మొదట డ్రమ్మును కొలవండి. ఎంత వ్యాసం దాకా వాడవచ్చో చాలా డ్రమ్ముల మీదే పోతపోసి ఉంటుంది. మారుతి 800, ఆల్టో వంటి చిన్న కార్లలో కొత్త డ్రమ్ము లోపలి వ్యాసం 180 మి.మీ., పరిమితి 182 మి.మీ. ఆ హద్దు దాటిన డ్రమ్ముకు లేత్ పని చేయించడం వృథా, మార్చవలసిందే. హద్దు లోపల ఉన్నా, అరిగిన డ్రమ్ములో కొత్త షూ వేస్తే రెండింటి వంపులూ కలవవు. షూ వంపు చిన్నది, డ్రమ్ము వంపు పెద్దది అవుతుంది కాబట్టి లైనింగు నడిమి భాగం మాత్రమే ఆనుతుంది. దీన్ని చూడడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. లైనింగు మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి, డ్రమ్ము ఎక్కించి, షూలు కొద్దిగా రాసుకునేలా అడ్జస్టర్‌ను తెరిచి, చక్రాన్ని చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి చూడండి. సుద్ద నడుమ చెరిగితే ఫరవాలేదు, కొంతకాలానికి అరిగి కుదురుకుంటుంది. రెండు కొసల్లోనే చెరిగి నడిమి గీతలు అలాగే ఉంటే ఆ షూలు ఆ డ్రమ్ముకు సరిపోవు. అవి పట్టినప్పుడు కీచుమంటాయి, ఒక్కోసారి చక్రాన్ని ఉన్నట్టుండి బిగించేస్తాయి. ఒక అంచు మాత్రమే చెరిగితే షూ వంకరగా కూర్చుందని అర్థం.

డ్రమ్ము అంచున తుప్పుతో, అరుగుదలతో ఏర్పడిన గట్టు ఉంటే దాన్ని తీయించండి. కొత్త షూల అంచు ఆ గట్టుకు తగిలి రాసుకుంటే, లోపల సందు ఎక్కువగా ఉన్నా చక్రం బిగుతుగా తిరుగుతుంది, మీరు సందు తక్కువైందని భ్రమపడతారు. డ్రమ్ము కొత్తదైతే తుప్పు పట్టకుండా పూసిన నూనెను క్లీనర్‌తో కడిగేయాలి. లైనింగును చేత్తో పట్టుకునేటప్పుడు చేతులకు గ్రీజు అంటి ఉండకూడదు. అంటితే ఎమరీ పేపరుతో పైపొర గీకి శుభ్రం చేయండి.

తరువాత వీల్ సిలిండర్ రబ్బరు టోపీల అంచును మెల్లగా ఎత్తి చూడండి. కొంచెం చెమ్మ ఉంటే సహజమే. ఆయిల్ తడిగా కారుతుంటే సిలిండర్ మార్చకుండా సర్దుబాటు మొదలుపెట్టకండి. షూల వెనుక ఉండే బ్యాక్ ప్లేటు మీద అవి ఆనుకునే చోట చిన్న చిన్న ఎత్తైన మెట్టలు ఉంటాయి. పాత షూలు రాసుకుని అక్కడ గుంటలు పడి ఉంటే షూ ఆ గుంటలో తట్టుకుని సజావుగా కదలదు. పెడల్ వదిలాక వెనక్కి రాక రాసుకుంటూ ఉంటుంది. ఆ మెట్టలను గీకి చదును చేసి, వేడికి కరగని బ్రేకు గ్రీజును పలచగా, అగ్గిపుల్ల తలంత మాత్రమే రాయండి. ఎక్కువ రాస్తే అది లైనింగు మీదికే చేరుతుంది.

ఇక అడ్జస్టర్. మర చుట్లు ఉన్న గొట్టంతో, పళ్ళ చక్రంతో ఉన్న రకమైతే దాన్ని పూర్తిగా విప్పి, మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, పలచగా గ్రీజు రాసి, వేలితో సులువుగా తిరుగుతోందని నిర్ధారించుకుని, పొట్టిగా అయ్యేదాకా లోపలికి తిప్పండి. చాలా బండ్లలో ఎడమ వైపు అడ్జస్టర్ మరలు ఒక దిశలో, కుడి వైపువి ఎదురు దిశలో ఉంటాయి. రెంటినీ తారుమారు చేసి బిగిస్తే బ్రేకు నొక్కిన ప్రతిసారీ సందు తగ్గడానికి బదులు పెరుగుతూ పోతుంది. పైకి ఏ తప్పూ కనిపించదు; నెల తరువాత పెడల్ నేలకు తగిలినప్పుడు గాని తెలియదు. కనుక విప్పేటప్పుడే మార్కర్‌తో ఎడమ, కుడి అని రాసి పెట్టుకోండి. పళ్ళ బద్దీతో ఉన్న రకమైతే దాని పళ్ళు, దాన్ని ఆపే చిన్న నాలుక అరగలేదని చూడండి. అరిగిన బద్దీ జారిపోతుంది, అప్పుడు ఎన్నిసార్లు సర్దినా నిలవదు.

చివరిగా, బండి లోపల హ్యాండ్ బ్రేకు మీట దగ్గర ఉన్న సర్దుబాటు నట్టును బాగా వదులు చేయండి. రెండు చక్రాల దగ్గరా లోపలి లివర్ షూ అంచుకు పూర్తిగా ఆనుకుందో లేదో టార్చి వేసి స్వయంగా చూడండి. ఆనకపోతే కేబుల్ ఇంకా బిగుతుగా ఉందని, లేదా తొడుగు లోపల తుప్పు పట్టి ఇరుక్కుందని అర్థం. ఇరుక్కున్న కేబుల్‌ను పెట్టుకుని ముందుకు సాగడం వల్ల ప్రయోజనం లేదు.

డ్రమ్ము బయట ఉండగానే తొలి సర్దుబాటు

కొలిచే పరికరం ఉన్నవారికి ఈ పద్ధతి అన్నిటికన్నా నమ్మకమైనది. వెర్నియర్ కాలిపర్‌తో డ్రమ్ము లోపలి వ్యాసాన్ని కొలవండి. అంచు దగ్గర కాకుండా షూ రాసుకునే చోట, రెండు మూడు దిక్కులలో కొలవాలి. తరువాత షూలను రెండు చేతులతో పైకీ కిందికీ కదిపి నడిమికి తెచ్చి, వాటి బయటి వ్యాసాన్ని నడిమి భాగంలో కొలవండి. షూల వ్యాసం డ్రమ్ము వ్యాసం కంటే సుమారు 0.6 మి.మీ. తక్కువ ఉండేలా అడ్జస్టర్‌ను తెరవండి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. ఈ 0.6 మి.మీ. రెండు వైపులకూ కలిపి అన్నది మరవకూడదు. ఒక్కో షూ దగ్గర సందు 0.3 మి.మీ. మాత్రమే.

కాలిపర్ లేకపోతే డ్రమ్ముతోనే కొలవవచ్చు. అడ్జస్టర్‌ను రెండేసి పళ్ళు తెరుస్తూ, డ్రమ్మును ఎక్కించి చూస్తూ, తీస్తూ ఉండండి. డ్రమ్ము చేత్తో నెడితే లోపలికి జారాలి, జారేటప్పుడు షూలు గోకుతున్నట్టు కొంచెం శబ్దం రావాలి. బలవంతంగా కొట్టి ఎక్కించవలసి వస్తే ఎక్కువ తెరిచారు. గలగలలాడుతూ పడిపోతే తక్కువ తెరిచారు. ఈ పనిలో పది నిమిషాలు ఎక్కువ గడిపితే, తరువాత బ్యాక్ ప్లేటు రంధ్రంలోంచి చీకట్లో స్క్రూ డ్రైవర్‌తో తడుముకునే అరగంట మిగులుతుంది.

డ్రమ్ము మూసే ముందు ఇంకొక చిన్న జాగ్రత్త. పళ్ళ చక్రాన్ని ఏ దిక్కుకు తిప్పితే షూలు తెరుచుకుంటున్నాయో ఇప్పుడే చూసి, బ్యాక్ ప్లేటు వెనుక ఆ దిక్కును బాణం గుర్తుతో గీసి ఉంచండి. డ్రమ్ము మూశాక అది పైకా, కిందికా అన్నది ఎంత అనుభవం ఉన్నవారికైనా తారుమారవుతుంది, పైగా ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ అది ఎదురెదురుగా ఉండవచ్చు.

డ్రమ్ము మూశాక

డ్రమ్మును కేవలం స్టడ్‌ల మీద తగిలించి సర్దడం మొదలుపెట్టకండి. అది కొద్దిగా వాలి ఉంటుంది, ఒక వైపు రాసుకుంటుంది, తప్పుడు లెక్క చూపిస్తుంది. చక్రం ఎక్కించి నట్లన్నీ సమంగా బిగించండి, లేదా కనీసం రెండు నట్లతో డ్రమ్మును హబ్బుకు ఆనించి బిగించండి. బేరింగు డ్రమ్ములోనే ఉన్న బండ్లలో నడిమి నట్టును మాన్యువల్ చెప్పిన బిగువుకు బిగించి, కొత్త కాటర్ పిన్ (నట్టు వదులు కాకుండా ఆపే పిన్ను) వేశాకే ముందుకు సాగాలి. పాత పిన్నును వంచి మళ్ళీ వాడడం పొదుపు కాదు.

పళ్ళ చక్రం ఉన్న బండ్లలో బ్యాక్ ప్లేటు వెనుక రబ్బరు మూతను తీసి, స్క్రూ డ్రైవర్‌తో పళ్ళను ఒక్కొక్కటిగా తిప్పండి. చక్రం చేత్తో తిప్పలేనంత బిగుసుకునేదాకా తిప్పాలి. ఇప్పుడు లోపలికి వెళ్ళి బ్రేకు పెడల్‌ను గట్టిగా మూడు నాలుగు సార్లు నొక్కి వదలండి. ఇలా నొక్కడంతో షూలు జరిగి డ్రమ్ము నడిమికి కుదురుకుంటాయి. తిరిగి వచ్చి చూస్తే చక్రం మళ్ళీ వదులైనట్టు కనిపిస్తుంది. మళ్ళీ బిగించండి, మళ్ళీ పెడల్ నొక్కండి. రెండుసార్లు నొక్కిన తరువాత కూడా బిగువు మారకపోతే షూలు తమ స్థానంలో కూర్చున్నట్టే. చాలామంది ఈ నొక్కడాన్ని వదిలేస్తారు. అందుకే వారు సర్దిన బ్రేకు పది కిలోమీటర్లకే వదులవుతుంది.

ఇక వెనక్కి తిప్పాలి. దానంతట అది సర్దుకునే అడ్జస్టర్ ఉంటే పళ్ళను ఒక చిన్న లివర్ పట్టుకుని ఉంటుంది. ఆ లివర్‌ను సన్నని కడ్డీతో పక్కకు నెట్టి పట్టుకుని, రెండో చేత్తో స్క్రూ డ్రైవర్ వాడి పళ్ళ చక్రాన్ని వెనక్కి తిప్పాలి. లివర్‌ను నెట్టకుండా బలవంతం చేస్తే పళ్ళ అంచులు విరుగుతాయి. ఎన్ని పళ్ళు వెనక్కి తిప్పాలన్నది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ప్రమాణం. అంకె దొరకనప్పుడు ఒక్కొక్క పన్ను వెనక్కి తిప్పుతూ చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. గట్టిగా ఒకసారి విసిరితే చక్రం ఒక చుట్టు తిరిగి ఆగాలి, లోపల షూ డ్రమ్మును తాకీ తాకనట్టు పలచని శబ్దం రావాలి. ఒకే చోట మాత్రం రాసుకుని మిగిలిన చుట్టంతా స్వేచ్ఛగా తిరిగితే డ్రమ్ము గుండ్రంగా లేదని అర్థం. అప్పుడు ఆ రాసుకునే చోటును బట్టే సందు నిర్ణయించి, డ్రమ్మును లేత్‌కు పంపే ఆలోచన చేయండి.

వెనుక చక్రాలే బండిని నడిపే బొలెరో, ఓమ్ని వంటి వాటిలో చక్రం తిప్పినప్పుడు డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్టు కూడా తిరుగుతాయి కనుక చేతికి కొంత బరువు సహజంగానే తగులుతుంది. ఆ బరువును షూల రాపిడి అనుకుని మరీ వదులు చేయకండి. ముందు అడ్జస్టర్‌ను పూర్తిగా వదులు చేసి చక్రం ఎంత బరువుగా తిరుగుతుందో చేతికి పట్టించుకుని, దానితో పోల్చి చూసుకోవాలి.

పళ్ళ బద్దీ ఉన్న చిన్న కార్లలో బయటి నుంచి తిప్పే పనే ఉండదు. డ్రమ్ము, చక్రం బిగించాక పెడల్‌ను దాదాపు 30 కిలోల బలంతో 3 నుంచి 10 సార్లు నొక్కితే బద్దీ తనంతట తాను ఒక్కో పన్ను జరిగి సందును సరిచేస్తుంది. ఇంజను ఆపి ఉండగా నొక్కుతూ, డ్రమ్ము లోపలి నుంచి వచ్చే టిక్కు శబ్దాన్ని మరొకరిని వినమనండి. మొదట వినిపించి, కొన్ని నొక్కుల తరువాత ఆగిపోవాలి. అసలు వినిపించకపోతే సాధారణంగా రెండు కారణాలు: కేబుల్ బిగుతుగా ఉండి లోపలి లివర్ అంచుకు ఆనలేదు, లేదా బద్దీని తలకిందులుగా బిగించారు. కొన్ని కార్లలో ఈ సర్దుబాటు పెడల్‌తో కాకుండా హ్యాండ్ బ్రేకు మీటను లాగి వదిలినప్పుడు జరుగుతుంది. మీది ఏ రకమో తెలియకపోతే మాన్యువల్ తెరవక తప్పదు.

ఒక వైపు పూర్తయ్యాక రెండో వైపు కూడా అదే కొలతకు తీసుకురండి. రెండు చక్రాలనూ ఒకేలా విసిరి, ఎన్ని చుట్లు తిరుగుతున్నాయో పోల్చండి. ఎడమ, కుడి మధ్య తేడా ఉంటే వాన నీటి రోడ్డు మీద గట్టిగా నొక్కినప్పుడు బండి వెనుక భాగం ఒక పక్కకు జారుతుంది.

బ్రేకు ఆయిల్ సంగతి

కొత్త షూలు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్లు లోపలికి నెట్టబడి, ఆ మేరకు ఆయిల్ పైనున్న డబ్బాలోకి తిరిగి చేరుతుంది. పాత షూలు అరుగుతున్న కాలంలో ఎవరైనా ఆయిల్ నింపి ఉంటే అది ఇప్పుడు పొంగి పొర్లుతుంది. పెయింటు మీద పడితే ఊడగొడుతుంది కనుక వెంటనే నీళ్ళతో కడగండి. డబ్బాలో ఆయిల్ పైగీతకు మించకుండా చూడండి. గొట్టం విప్పడమో, సిలిండర్ మార్చడమో జరిగి ఉంటే ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. సందు సర్దకముందు గాలి తీస్తే పెడల్ ప్రయాణం ఎక్కువగా ఉండి మీరు గాలి ఇంకా ఉందని అనుకుంటూ ఆయిల్ వృథా చేస్తారు. అందుకే ముందు సందు, తరువాత గాలి.

పెడల్‌ను చదవడం నేర్చుకుంటే ఈ రెంటినీ విడదీయవచ్చు. మొదటిసారి కిందికి దిగి, వెంటవెంటనే రెండు మూడు సార్లు నొక్కితే పైకి లేచి గట్టిగా నిలిస్తే, షూల సందు ఎక్కువగా ఉంది. ఎన్నిసార్లు నొక్కినా స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి ఉంది. గట్టిగా నొక్కి పట్టుకున్నప్పుడు నెమ్మదిగా కిందికి జారిపోతూ ఉంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ వాషర్లు పోయాయి. ఆ బండిని రోడ్డు మీదికి తీయకూడదు.

ఇప్పుడు హ్యాండ్ బ్రేకు

పెడల్ గట్టిగా, పైనే నిలుస్తున్న తరువాతే కేబుల్ నట్టు వైపు చూడండి. మీటను ఐదారు సార్లు బలంగా లాగి వదిలి కేబుల్‌ను కుదుర్చుకుని, నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ, మీట ఎన్ని క్లిక్కులకు చక్రాలను పడుతోందో లెక్కపెట్టండి. చిన్న కార్లలో నాలుగు నుంచి ఏడు క్లిక్కుల మధ్య పట్టడం సాధారణం, మీ మాన్యువల్ హద్దు వేరుగా ఉంటే దాన్నే అనుసరించండి. మొదటి క్లిక్కుకు రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరగాలి, చివరి క్లిక్కుకు రెండూ కదలకుండా బిగుసుకోవాలి. ఒకటి బిగుసుకుని రెండోది తిరుగుతుంటే మీట లాగుడును రెండు చక్రాల కేబుళ్ళకూ పంచే బద్దీ వంకరగా ఉంది, లేదా ఒక వైపు సందు సర్దడంలో తేడా ఉంది. అప్పుడు నట్టు వదులు చేసి, మళ్ళీ డ్రమ్ము దగ్గరికే వెళ్ళాలి. మీటను పూర్తిగా దించి, చక్రాలను మరోసారి తిప్పి చూడండి. కేబుల్ బిగించకముందు ఎంత తేలికగా తిరిగాయో ఇప్పుడూ అంతే తేలికగా తిరగాలి. కొంచెమైనా బరువెక్కితే ఒక చుట్టు వదులు చేయండి.

రబ్బరు మూతలు తప్పకుండా పెట్టండి. ఆ రంధ్రంలోంచి వాననీరు, బురద లోపలికి చేరితే అడ్జస్టర్ మళ్ళీ తుప్పు పడుతుంది. బండిని దించాక చక్రం నట్లను ఎదురెదురుగా బిగించండి.

మొదటి కిలోమీటర్లు

ఇంటి ముందు నడక వేగంతో కదులుతూ పెడల్ నొక్కి బండి ఆగుతోందని చూసుకున్నాకే వీధిలోకి తీయండి. తరువాత రద్దీ లేని రోడ్డు మీద 40, 50 కి.మీ. వేగం నుంచి మెల్లగా, సమంగా నొక్కుతూ 10 కి.మీ. దాకా తగ్గించడం పదిహేను ఇరవై సార్లు చేయండి. ప్రతి రెండు బ్రేకుల మధ్య కొంత దూరం ఊరికే నడిపి డ్రమ్ములను చల్లారనివ్వాలి. కొత్త లైనింగు ఇంకా డ్రమ్ము వంపుకు కుదురుకోలేదు కనుక ఈ దశలో వెనుక బ్రేకు పూర్తి పట్టు చూపదు. ఆ పట్టు కోసమని కేబుల్ బిగించే తొందర వద్దు. షూలు వేసిన వారంలోనే తిరుమల కొండ దిగడమో, అరకు కనుమల్లో తిరగడమో పెట్టుకోకండి. కుదురుకోని లైనింగు నడిమి భాగమే వేడినంతా మోసి, మాడి, అద్దంలా నున్నబడిపోతుంది. నున్నబడ్డ లైనింగు ఇక సరిగా పట్టదు, కీచుమంటూ ఉంటుంది. బ్రేకులు బాగా వేడెక్కి ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి ఆపి ఉంచడం కూడా మంచిది కాదు.

తిరిగి వచ్చాక రెండు వెనుక చక్రాల దగ్గర చేయి పెట్టి, తాకకుండా వేడిని పోల్చండి. ఒకటి రెండోదాని కంటే స్పష్టంగా వేడిగా ఉంటే అక్కడ షూ రాసుకుంటోంది; ఒక పన్ను వెనక్కి తిప్పి మళ్ళీ నడిపి చూడండి. రెండూ వేడిగా, కాలిన వాసనతో ఉంటే మీట దించడం మరచిపోయారా, లేక కేబుల్ బిగుతుగా ఉందా అని మొదట చూడండి. ముందు చక్రాలు ఎప్పుడూ ఎక్కువ పని చేస్తాయి కాబట్టి అవి వేడిగా ఉండడం గురించి కంగారు పడనవసరం లేదు.

మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక లైనింగు ఎత్తుగా ఉన్న చోట్ల అరిగి, సందు కొంత పెరుగుతుంది. అప్పుడు ఒకసారి పెడల్ ఎత్తునూ, మీట క్లిక్కులనూ మళ్ళీ లెక్కపెట్టండి. దానంతట అది సర్దుకునే బండ్లలో పెద్ద తేడా ఉండదు. చేత్తో తిప్పే పళ్ళ చక్రమే ఉన్న బండ్లలో ఒకటి రెండు పళ్ళు ముందుకు తిప్పి, రబ్బరు మూత పెట్టి, మీట ఎన్నో క్లిక్కుకు పడుతోందో సర్వీసు పుస్తకంలో తేదీతో పాటు రాసి పెట్టుకోండి. ఆరు నెలల తరువాత ఆ అంకె రెండు మూడు క్లిక్కులు పెరిగితే, నట్టు ముట్టుకోకుండా డ్రమ్ము వెనుక మూత తీయండి.